ఏడో నంబరు రోడ్డు

మా గుత్తి మీదుగా పోయే రోడ్డుకు అప్పట్లో ఏడో నంబరు. కాశీలో బయల్దేరి జబల్పూరు, నాగపూరు, హైదరాబాదు, కర్నూలు దాటుకుని, మా కోట కొండ కనబడేంత దగ్గరగా వచ్చి, అనంతపురం, బెంగళూరు, సేలం, మధురై మీదుగా కన్యాకుమారి చేరేది. మొత్తం 2,369 కిలోమీటర్లు. ఆ రోజుల్లో దేశంలో అంతకంటే పొడవైన జాతీయ రహదారి లేదు. ఈ లెక్క నాకు చెప్పినవాడు ఆరో తరగతిలో నా పక్కన కూర్చునేవాడు. సోషల్ పుస్తకంలోని మ్యాపు మీద ఆ గీతను వేలితో దిద్దీ దిద్దీ, కాగితం అక్కడ పలచబడి వెనక పేజీ అక్షరాలు కనబడేవి.

వాళ్ళ మేనమామకు ఊరి మొగదల, రోడ్డు పక్కన చింతచెట్టు కింద, మోటారు సైకిళ్ళ షెడ్డుండేది. బడి వదలగానే ఇద్దరం అక్కడే. రేకుల కప్పు, జిడ్డు పట్టి నల్లబడిన నేల, కిరసనాయిలు తట్టలో నానుతున్న చైన్లు, పంచరు వేసేటప్పుడు కాలే రబ్బరు వాసన, పక్క హోటల్లోంచి ఉగ్గాని తిరగవాత, మిరపకాయ బజ్జీల ఘాటు, ఎప్పుడైనా నాగపూరు కమలాపండ్ల లారీ ఆగితే వీటన్నిటినీ కప్పేసే ఇంకో వాసన. మామ ప్లగ్గు ఊడదీసి వాడి చేతికిచ్చేవాడు. వాడు దాన్ని వెలుతురుకు పట్టి చూసి, ఉప్పుకాగితంతో మసి గీకి, ఆక్సా బ్లేడు ముక్కను కొన సందులో దూర్చి బిగువు చూసుకుని, నోటితో ఉఫ్ఫుమని ఊది, మళ్ళీ బిగించేవాడు. అప్పటికి వాడి కాళ్ళు సీటు మీంచి నేలకు అందేవి కావు.

లారీ ఆగిందంటే నాకంటే ముందు వాడు లేచేవాడు. “యాడ నుంచి వస్తాండావన్నా? యాడికి పోతాండావు?” అని అడిగి, జవాబు విని, అప్పుడు మూడో ప్రశ్న వేసేవాడు: “నీ పేరేందన్నా?” తలపాగా చుట్టుకున్న పంజాబు డ్రైవర్లకు తెలుగు రాకపోయినా ఆ మూడోది మాత్రం ఎట్లాగో అర్థమయ్యేది. పేరు చెప్పినవాళ్ళకు నిక్కరు జేబులోంచి గుప్పెడు చెనక్కాయలు తీసి పెట్టేవాడు.

మేము ఇంటర్‌లో ఉండగా, బదిలీ మీద పోతున్న ఒక రైల్వే ఆయన దగ్గర మామ పాత యెజ్డీ కొన్నాడు. మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీలో తయారైన బండి; 250 సీసీ, ఒకే సిలిండరుకు రెండు సైలెన్సర్లు, గేరు రాడ్డునే లోపలికి నొక్కి పైకి తిప్పితే అదే కిక్ రాడ్డు. బంకులో పెట్రోలుతో పాటు టూటీ ఆయిల్ కొలిచి పోయించుకుని, మూత బిగించి, బండిని తొడల మధ్య పట్టి మజ్జిగ చిలికినట్టు అటూ ఇటూ ఊపేవాడు. రెండూ సరిగా కలవకుంటే పిస్టన్ పట్టేస్తుందని మామ చెప్పిన మాట వాడికి వేదం. పొద్దుగూకాల స్టేషన్ రోడ్డులో వాడు వెళ్ళిపోయినా నీలం పొగ కాసేపు చెట్ల కింద నిలబడి ఉండేది.

ముందు కన్యాకుమారి పోయొచ్చాడు, తర్వాత కాశీ. ఏడో నంబరు రెండు కొసలూ చూశాక మనసు లేహ్ మీదికి మళ్ళింది. “యాడికిరా అంత దూరం, ఎవరున్నారక్కడ?” అని వాళ్ళ అవ్వ అడిగితే, “పోతే తెలుస్తుందిలే అవ్వా” అనేవాడు. వాడి సామాను చిన్నది: ఒక దుప్పటి, ప్లాస్టిక్ పట్ట, రెండు ప్లగ్గులు, ఒక ట్యూబు, చైను లాకు, బొరుగుల మూట. కొత్త క్లచ్ కేబులును పాతదాని పక్కనే కట్టి ఉంచేవాడు, దారిలో ఒకటి తెగితే రెండోదాని కొసలు తగిలించుకోవడమే పని. లేహ్ దారిలో తంగ్‌లాంగ్ లా 17,000 అడుగులకు పైన ఉంటుంది. అక్కడ గాలి పలచన. కార్బరేటరు మాత్రం కింద ఎంత పెట్రోలు పంపేదో ఇంచుమించు అంతే పంపుతుంది. కాలడానికి గాలి చాలక ప్లగ్గు నల్లబడి బండి లాగదు. చిన్న జెట్టు మార్చుకుని ఎక్కాడట. అక్కడి నుంచి నాకు రాసిన కార్డులో ఉన్నది ఒకటే వాక్యం: “ఈడ బండికీ నాకూ ఇద్దరికీ ఊపిరి ఆడ్డంలేదు, బాగుంది.”

చూసిన గుళ్ళూ కొండలూ గురించి వాడు పెద్దగా చెప్పేవాడు కాదు. ఎర్రగుడ్డ అట్ట వేసిన ఒక చిట్టా పుస్తకం ఉండేది వాడి దగ్గర. ఏ ఊళ్ళో ఏ మెకానిక్కు, ఏ హోటల్లో నీళ్ళు మంచివి, రాత్రిపూట ఏ బంకు ముందర పడుకోనిస్తారు, ఎవరు పంచరు వేసి డబ్బులొద్దన్నారు, అన్నీ పేర్లతో సహా రాసుకునేవాడు. మా షెడ్డుకు వచ్చే లారీల వాళ్ళు కూడా ఆ పుస్తకం తిరగేసి కొన్ని పేర్లు సిగరెట్టు పెట్టె మీద ఎక్కించుకుని పోయేవాళ్ళు. వాడి వెనక నేను కూర్చుని పోయింది పామిడి దగ్గర పెన్న వంతెన దాకానే. నా నడుము అంతకు మించి ఒప్పుకోలేదు.

1996లో మైసూరు ఫ్యాక్టరీ మూతపడింది. అప్పటి నుంచి చిన్న సామాను కావాలన్నా బెంగళూరు జేసీ రోడ్డులో అంగడి అంగడీ తిరిగేవాడు. తర్వాత రోడ్డు నాలుగు వరసలైంది, ఊళ్ళ పక్క నుంచి బైపాసులు పడ్డాయి, లారీలు షెడ్డు వైపు రావడం మానేశాయి. మామ పోయాడు. చింతచెట్టు కొట్టేశారు. 2010లో నంబర్లు మార్చినప్పుడు మా వైపు ఏడు కాస్తా 44లో కలిసిపోయింది. ఆ వార్త పేపర్లో చూసి, “శ్రీనగర్ దాకా పొడిగించినారు, మంచిదేలే” అన్నాడు గానీ, ఆ పొద్దు టీ సగం తాగి వదిలేశాడు.

కిక్ కొట్టలేని స్థితి వచ్చాక, ఆదివారం పొద్దున్నే వాళ్ళబ్బాయి బండి స్టార్ట్ చేసి వాకిట్లో ఉంచేవాడు. మంచం మీంచే విని, “ఐడిలింగ్ ఎక్కువుంది, స్క్రూ కొంచెం తిప్పు” అనేవాడు. ఇప్పుడు ఆ స్క్రూ జోలికి ఎవరూ పోరు. పుస్తకం వాళ్ళబ్బాయి దగ్గరే ఉంది. అందులో ఫోన్ నంబర్లన్నీ ఐదంకెలవి, ఒక్కటీ మోగదు.

మీరెప్పుడైనా హైదరాబాదు నుంచి బెంగళూరుకు ఆ రోడ్డున పోతుంటే, గుత్తి దగ్గర బైపాసు వదిలి ఊళ్ళోకి రండి. ఒక ప్లేటు ఉగ్గాని తినండి, టీ తాగండి. పోయేముందు, ఆ టీ ఇచ్చినాయన పేరు అడగండి.