సవానాలో రెండు రాత్రులు, రెండు హోటళ్లు

అట్లాంటా నుంచి కారులో నాలుగు గంటలు వెళ్తే సవానా. 1733లో పుట్టిన ఊరు. పాత బస్తీ నిండా చెట్ల నీడలో 22 చిన్న చిన్న స్క్వేర్లు. నేనూ మా అక్కా రెండు రాత్రులు రెండు పాత హోటళ్లలో ఉన్నాం.

మొదటిది 1851లో తెరిచిన మార్షల్ హౌస్. అంతర్యుద్ధం చివర్లో ఉత్తరాది సైన్యం దీన్ని ఆసుపత్రిగా వాడుకుంది. అందుకే దెయ్యాల కథలకీ లోటు లేదు! ఇనుప వరండాలో నిలబడితే కింద బ్రాటన్ స్ట్రీట్ సందడంతా మనదే. షాపులు, తిండి అన్నీ నడిచేంత దూరంలోనే. అక్క అక్కడే ఫ్లాట్.

రెండోది కీహో హౌస్. కొలంబియా స్క్వేర్ పక్కన 1892 నాటి ఎర్ర ఇటుకల మేడ. గదులు పదమూడే. రాత్రయితే నిశ్శబ్దం. చిన్నప్పుడే ఐర్లండ్ నుంచి వచ్చి, ఇనుప ఫౌండ్రీలో పని నేర్చుకుని, చివరికి దానికే ఓనరైన విలియం కీహో కట్టుకున్న ఇల్లిది. బయట అలంకారం చాలావరకు పోత ఇనుమే. అంటే, తన పనినే ఇంటికి నగలా పెట్టుకున్నాడన్నమాట.

ఫ్రెండ్స్‌తో వెళ్తే మార్షల్ హౌసే బెటర్. ఇంకా వీసా మీద రోజులు లెక్కపెట్టుకుంటున్న నాకు మాత్రం, వలస వచ్చినవాడి ఇంట్లోనే హాయిగా నిద్ర పట్టింది.