మీరు ఆరెస్సెస్ చందాదారులేనా?

హేతువాది నోట ఇదేం ప్రశ్న అని కంగారుపడకండి. నేనడుగుతున్నది నాగపూర్ సంగతి కాదు. వెబ్‌సైట్లలో కొత్తగా వచ్చినవాటిని మన దగ్గరికే తెచ్చిపెట్టే ఒక పద్ధతి ఉంది. 1999లో నెట్‌స్కేప్ వాళ్ళు మొదలుపెట్టారు. రియల్లీ సింపుల్ సిండికేషన్ అన్న పేరు దానికి తర్వాత స్థిరపడింది. పొడి అక్షరాల్లో రాస్తే ఆరెస్సెస్ అవుతుంది, మనం చేసేదేం లేదు. గొడవెందుకు, ఇక్కణ్ణుంచి 'ఫీడు' అనుకుందాం.

ఫీడంటే బ్రహ్మవిద్యేం కాదు. సైటువాళ్ళు ఒక చిన్న ఫైలు పెడతారు. కొత్తగా రాసినవాటి శీర్షిక, తేదీ, లంకె, నాలుగు ముక్కల సారాంశం అందులో వరసగా ఉంటాయి. మన దగ్గర ఫీడ్ రీడర్ అనే ప్రోగ్రాం ఉంటుంది. అది అప్పుడప్పుడూ వెళ్ళి ఆ ఫైలు చూసి, కొత్తదేమన్నా ఉంటే తెచ్చి మన ముందు పెడుతుంది. అంతే. సైటువాళ్ళకి మన పేరు, ఈమెయిలు, ఫోన్ నంబరు ఏవీ ఇవ్వక్కర్లేదు. వద్దనుకుంటే తీసేయడం కూడా మన చేతిలోనే ఉంది.

ఇది కంప్యూటరువాళ్ళ గొడవ కదా, హేతువాదులకెందుకు అంటారా? అక్కడికే వస్తున్నాను.

పుకారు దానంతటది ఇంటికొస్తుంది. ఖండన రాదు. దాన్ని మనమే వెళ్ళి తెచ్చుకోవాలి.

1995 సెప్టెంబరు 21 గుర్తుందా? వినాయకుడు పాలు తాగుతున్నాడని తెల్లారేసరికి ఢిల్లీలో మొదలైన మాట, కొన్ని గంటల్లో దేశమంతా పాకింది. అప్పటికి మామూలు జనం చేతుల్లో సెల్‌ఫోన్లు లేవు, వాట్సాప్ లేదు. మామూలు టెలిఫోన్లతోనే ఆ పని జరిగిపోయింది. తలతన్యత వల్ల, కేశనాళిక చర్య వల్ల చెంచాలో పాలు రాతి మీదికి జారి కిందికి పోతున్నాయని శాస్త్రవేత్తలు రంగు కలిపిన పాలతో చేసి చూపించారు. కానీ ఆ వివరణ చెప్పడానికి ఎవరూ ఎవరికీ ఎస్టీడీ కాల్ చెయ్యలేదు. 2006 ఆగస్టులో ఉత్తరాదిన అదే కథ మళ్ళీ మొదలైంది. పదకొండేళ్ళలో పుకారు రెండోసారి ప్రయాణం కట్టింది. వివరణ మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉండిపోయింది.

అది పాలతో పోయింది కాబట్టి నవ్వుకున్నాం. అన్నీ అలా పోవు. మా బాబాయి పదిహేనేళ్ళుగా షుగరు మాత్రలు వాడుతున్నాడు. ఏదో ఆకు కషాయం నలభై రోజులు తాగితే మాత్రలతో పనే ఉండదని ఒక ఫార్వర్డు ఆయనకి నాలుగు గ్రూపుల్లోంచి వచ్చింది. నాలుగు చోట్లనుంచి వచ్చింది కదా, నిజమే అయ్యుంటుందనుకున్నాడు. ఒకే ఉత్తరానికి నాలుగు కార్బన్ కాపీలు తీస్తే అది నలుగురి సాక్ష్యం అవదు కదా! మాత్రలు మానేశాడు. ఐదో వారంలో ఆసుపత్రిలో చేరాడు. ప్రాణానికి ప్రమాదం తప్పింది గానీ ఆ చూపు మునుపట్లా లేదు. ఆ కషాయం కథ అబద్ధమని అప్పటికే రాసినవాళ్ళున్నారు, వెతికితే దొరికింది కూడా. అది మాత్రం ఆయనకి ఒక్క గ్రూపులోంచీ రాలేదు. ఖండనని ఫార్వర్డు చేసే సరదా ఎవరికుంటుంది?

వాట్సాప్‌దాకా ఎందుకు, విజ్ఞానశాస్త్రంలోనూ ఇదే తంతు. ఎమ్మెమ్మార్ టీకాకీ ఆటిజానికీ ముడిపెడుతూ పన్నెండుమంది పిల్లల మీద వేక్‌ఫీల్డ్ బృందం రాసిన పత్రం 1998 ఫిబ్రవరిలో లాన్సెట్‌లో వచ్చింది. ఆ పత్రిక దాన్ని ఉపసంహరించుకున్నది 2010 ఫిబ్రవరిలో. మధ్యలో పన్నెండేళ్ళు. ఆ భయం ఇంకా కొందరి ఇళ్ళల్లో తిరుగుతూనే ఉంది, ఎందుకంటే మొదటి వార్త అందినవాళ్ళందరికీ రెండోది అందలేదు.

ఫీడు పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. అందులో సంచలనానికి పెద్దపీట ఉండదు. పత్రం వచ్చిన రోజు అదొక వరస, ఉపసంహరించుకున్న రోజు ఇదొక వరస, పక్కన తేదీ. ఎంతమంది మెచ్చుకున్నారు, ఎంతమంది తిట్టుకున్నారు అన్నదాన్ని బట్టి పైకీ కిందికీ జరగదు. మనకేది నచ్చుతుందో ఊహించి వడ్డించే యంత్రం మధ్యలో లేదు. విసుగు పుట్టించే నిజానికి కూడా చోటుంటుంది.

మన ఉద్యమానికి ఇది కొత్తేం కాదు. గోరా గారు 1969లో మొదలుపెట్టిన 'ది ఎథీస్ట్' లాంటి చిన్న పత్రికలు బస్టాండులో సినిమా పత్రికల పక్కన వేలాడి బతికినవి కావు. చందాదారులుండబట్టి, పోస్టులో ఇంటికి వెళ్ళబట్టి బతికాయి. ఫీడు కూడా అలాంటి చందాయే. మనియార్డరు ఖర్చు లేదు, అంతే తేడా.

తెలుగులో 2000ల్లో కూడలి, జల్లెడ, హారం లాంటి సంకలినులు మనందరి టపాలనీ ఒకచోటికి చేర్చింది ఈ ఫీడులతోనే. తర్వాత జనం ఫేస్‌బుక్‌కి తరలిపోయారు. గూగుల్ రీడర్‌ని 2013 జులై 1న మూసేశారు. ఫైర్‌ఫాక్స్ 2018 డిసెంబరులో తనలోని ఫీడు సదుపాయం తీసేసింది. ఇక ఫీడులు చచ్చిపోయాయన్నారు. చావలేదు. మీరు వినే పాడ్‌కాస్టులు చాలావరకు ఇప్పటికీ వీటి మీదే నడుస్తున్నాయి. ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు కనక ఏ ఒక్క కంపెనీ దీన్ని మూసెయ్యలేదు.

అలాగని ఫీడు సర్వరోగ నివారిణి అని నేనంటే నన్ను మీరే ఉతకాలి. రోజు ఫలాలు చెప్పేవాళ్ళకీ ఫీడులుంటాయి. నిజమో అబద్ధమో ఫీడు తేల్చదు, తెచ్చి పెడుతుందంతే. పైగా మనకి నచ్చినవాళ్ళనే చేర్చుకుంటూ పోతే మన భజన మనమే వింటూ కూర్చుంటాం. అందుకే మనతో విభేదించే, కానీ ఆధారాలిచ్చి మాట్లాడే వాళ్ళ ఫీడు కనీసం ఒకటన్నా పెట్టుకోమంటాను. అది చదివినప్పుడు ఒళ్ళు మండితే మంచిదే.

మొదలుపెట్టడం తేలిక. ఫీడ్లీ, ఇనోరీడర్ లాంటివి ఫోన్లోనూ పనిచేస్తాయి. కంప్యూటర్లో థండర్‌బర్డ్ చాలు. చాలా రీడర్లలో సైటు చిరునామా ఇస్తే ఫీడు ఎక్కడుందో అదే వెతుక్కుంటుంది. ఉపసంహరించుకున్న పరిశోధనల కోసం రిట్రాక్షన్ వాచ్ ఉంది, 2010 నుంచీ అదే పని మీద ఉన్నారు. పబ్‌మెడ్‌లో 'డయాబెటిస్' అనో ఇంకోటో వెతికి, ఆ వెతుకులాటకే ఒక ఫీడు తయారుచేసుకోవచ్చు. వికీపీడియాలో ఏ పేజీకైనా మార్పుల చరిత్రకి ఫీడు ఉంటుంది. ఏదన్నా బాబా గారి పేజీలో ఎవరు ఏ వాక్యం ఎప్పుడు లేపేశారో తెలిసిపోతుంది!

యాభై పెట్టుకుంటే వారానికే విసుగొస్తుంది. ఐదు చాలు. మా బాబాయి ఫోన్లో మూడే పెట్టాను. "ఏరా, నిన్నంతా ఒక్కటీ రాలేదు, పాడైందేమో చూడు" అన్నాడు మొన్న. పాడవలేదు బాబాయ్, నిన్న చెప్పడానికి వాళ్ళ దగ్గర కొత్తదేం లేదు, అందుకే ఊరుకున్నారు అన్నాను. చెప్పడానికేమీ లేనప్పుడు ఊరుకునేవాళ్ళు ఆయనకి ఆ ఫోన్లో తగలడం అదే మొదలు. కాసేపు ఆలోచించి, "మంచిదే" అన్నాడు.

ఈ వారం మీ ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్లో ఒక్కటి పెట్టి చూడండి. వాళ్ళు మానేసిన మాత్ర ఏదన్నా ఉందేమో, పన్లో పనిగా అది కూడా అడగండి.