కురుసుర చూసి వచ్చాక

మా వేములపల్లికి సముద్రం లేదు. ఉన్నది సాగర్ ఎడమ కాలువ. ఆ నీటితో పండిన వరి మిర్యాలగూడ మిల్లులకు చేరి, బియ్యమై దేశం తిరుగుతుంది. ఇటువంటి ఊరివాడినైన నాకు డెబ్బై దాటాక నౌకా ప్రదర్శనశాల చూడాలనే కోరిక కలగడానికి కారణం నా వృత్తియే. పోషకాహారాన్ని గురించి వైద్యులు నేర్చుకున్న తొలి పాఠాలలో చాలా వాటికి బడి ఓడయే.

గత శీతాకాలంలో నా బాల్యమిత్రునితో కలసి మిర్యాలగూడలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆయన ముప్పై ఏళ్ళు బియ్యం మిల్లులో గుమాస్తాగా పనిచేశారు. పద్నాలుగేళ్ళుగా మధుమేహం ఉంది. విశాఖ పాతనగరంలో ఈస్టిండియా కంపెనీవారి కోట ఇప్పుడు లేదు, కోటవీధి అన్న పేరు మిగిలింది. అక్కడ ఎక్కువసేపు నిలువలేదు. మా గురి రామకృష్ణ బీచిలోని ఐ.ఎన్.ఎస్. కురుసుర.

సోవియట్ దేశంలో తయారైన ఈ జలాంతర్గామి 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధకాలంలో విధులు నిర్వహించి, 2001 ఫిబ్రవరిలో విరమించింది. మరుసటి ఏడాది దీనిని ఒడ్డుకు చేర్చి ప్రదర్శనశాలగా మార్చారు. పొడవు 91 మీటర్ల పైచిలుకు. లోపలికి వెళితే ఆ పొడవు ఎక్కడికి పోయిందో తెలియదు! ఒక గదినుండి మరొక గదికి గుండ్రని ద్వారం గుండా వంగి దూరాలి. టార్పెడోల పక్కనే పడకలు, గొట్టాల నడుమ చిన్న వంటగది. సుమారు 75 మంది ఇందులో వారాల తరబడి ఎండ చూడకుండా, మంచినీరు లెక్కపెట్టుకొని బ్రతికారు. సందర్శకులందరూ ఆయుధాల వద్ద ఆగుతుంటే నేను వంటగది దగ్గర ఆగాను. వెనుకనున్నవారు విసుక్కున్నారు, సహజమే.

ఓడలో ఏమి తింటారన్నది ఒకప్పుడు చావుబ్రతుకుల ప్రశ్న. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకావైద్యుడు చిగుళ్ళు చీకి, నెత్తురు కారుతున్న పన్నెండుమంది నావికులను ఇద్దరిద్దరుగా విడదీసి, ఆరు రకాల చికిత్సలు చేశాడు. నారింజ, నిమ్మ తిన్న ఇద్దరే త్వరగా లేచారు. బ్రిటిష్ నౌకాదళం తన నావికులందరికీ నిమ్మరసం ఇవ్వాలని నిర్ణయించినది 1795లో. రుజువుకూ ఆచరణకూ మధ్య 48 ఏళ్ళు గడిచాయి. ప్రభుత్వోద్యోగం చేసిన నాకిది ఆశ్చర్యం కలిగించలేదు.

మా ప్రాంతానికి ఇంకా దగ్గరి కథ జపాను నౌకాదళానిది. 1883లో శిక్షణయాత్ర ముగించి వచ్చిన ర్యూజో నౌకలో 376 మందికి 169 మంది బెరిబెరి పాలయ్యారు, 25 మంది మరణించారు. వారి ప్రధానాహారం తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం. తకాకి అనే వైద్యుడు మరుసటి ఏడాది త్సుకుబా నౌకను అదే మార్గంలో, మాంసం, బార్లీ, చిక్కుళ్ళు చేర్చిన ఆహారంతో పంపించాడు. ఈసారి ఆ జబ్బుతో ఒక్కరూ మరణించలేదు. మాంసకృత్తుల లోపమే కారణమని ఆయన అనుకున్నాడు. అది తప్పు, కాని ఆహారం మార్చడం ఒప్పు. అసలు కారణమైన థయామిన్ (బి1 విటమిన్) తవుడులో ఉంటుందని తరువాత తేలింది. మన ఉత్తర సర్కారులలోని బెరిబెరి గురించి మాల్కమ్‌సన్ అనే వైద్యుడు 1835లోనే మద్రాసులో గ్రంథం ప్రచురించాడు.

ఇది చెబుతుంటే మిత్రుడు నవ్వి, "మేము తవుడును నూనె మిల్లుకు, పశువులకు పంపితిమి, తెల్ల బియ్యం మనుషులకు పెడితిమి" అన్నారు. ధాన్యాన్ని ఉడికించి ఆరబెట్టే ఉప్పుడు బియ్యంలో థయామిన్ గింజలోపలికి చేరి చాలావరకు నిలుస్తుంది. మా మిల్లులలో ఆ బియ్యం తయారవుతుంది, మా ఇళ్ళలో మాత్రం దానిని ఎవరూ ముట్టరు. పచ్చి బియ్యం తెల్లగా ఉండాలి, నాలుగుసార్లు కడగాలి, గంజి వార్చాలి!

బయటికి వచ్చి ఇసుకలో నడిచాము. కొంతదూరం పోయాక చూస్తే మిత్రుని ఎడమకాలికి చెప్పు లేదు. "ఎప్పుడు జారిందో తెల్వలేదురా" అన్నారు తేలికగా. నాకు మాత్రం అది తేలిక మాటగా తోచలేదు. చెప్పు జారినా తెలియకపోవడం పాదాల నరాలు దెబ్బతిన్నాయనడానికి గుర్తు. అరికాలు చూశాను. మడమ వద్ద పగులు, అందులో ఇసుక. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే భయపెట్టవలసిన విషయం.

ఇది బెరిబెరి కాదు. మధుమేహంవల్ల నరాలు దెబ్బతినడం మొదటి అనుమానం. అయితే మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్ళు వాడేవారిలో బి12 తగ్గవచ్చు, అప్పుడూ ఇటువంటి తిమ్మిరులే వస్తాయి. శాకాహారులలో ఆ అవకాశం ఇంకా ఎక్కువ. నా మిత్రుడు శాకాహారి. మందు సొంతంగా మానరాదు. రక్తంలో బి12 పరీక్షించమని మీ వైద్యుని అడగండి. రోజూ రాత్రి అరికాళ్ళు అద్దంలో చూసుకోండి, వేడినీటిని పాదంతో కాక మోచేతితో పరీక్షించండి. పొలం గట్టుపైనైనా వట్టికాళ్ళతో నడవకండి.

మిర్యాలగూడ తిరిగిరాగానే పరీక్ష చేయించాము. బి12 బాగా తక్కువగా ఉంది. సూదులు మొదలయ్యాయి. నాలుగు నెలలకు చేతివేళ్ళ తిమ్మిరి తగ్గింది, పాదాలది చాలావరకు అలాగే ఉంది. మడమ పగులు మానింది. ఇప్పుడాయన వెనుక పట్టీ ఉన్న చెప్పులు తొడుగుతున్నారు. ఇంట్లో ముడిబియ్యం సంగతి ఎత్తితే మాత్రం ఆయన భార్య, నా చెల్లెలి వరుస, "అన్నయ్యా, అది ఉడకదు" అంటున్నది. మొన్న ముందురోజు రాత్రే నానబెట్టమని చెప్పి వచ్చాను.