సూది ఎందుకు తిరిగింది?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. ముఖ్యంగా ఇంటర్ అయిపోయి డిగ్రీలో ఫిజిక్స్ తీసుకోవాలా వద్దా అని భయపడుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ చదవండి.

మేం సీతంపేట కొండల నుంచి వచ్చి హాస్టల్లో ఒకే రూములో ఉంటున్న నలుగురం. ఇద్దరం సవర, ఇద్దరం జాతాపు. మా ఇళ్ళల్లో కాలేజీ గేటు దాటింది మేమే మొదలు. ప్రాక్టికల్స్‌లో స్టీవర్ట్-జీ ప్రయోగం ఉంటుంది. గుండ్రటి తీగచుట్ట, మధ్యలో దిక్సూచి. కరెంటు పంపితే సూది పక్కకి జరుగుతుంది, ఎన్ని డిగ్రీలు జరిగిందో రాయాలి. మేం పక్క బ్యాచ్ రికార్డు చూసి రాసేశాం. వైవాలో ఒక్కటే ప్రశ్న: "సూది ఎందుకు తిరిగింది?" సూత్రం వచ్చు గానీ నోట మాట రాలేదు. వెనక నుంచి ఎవరో "కొండ మీదోళ్ళకి కరెంటే కొత్త" అన్నారు. అందరూ నవ్వారు. ఆ రాత్రి మాలో ఒకడు ట్రంకుపెట్టె సర్దేసుకున్నాడు. "జీడితోట పని చూసుకుంటా, ఈ చదువు మనది కాదురా" అన్నాడు. మిగతా ముగ్గురికీ ఏం చెప్పాలో తెలియలేదు.

ఆ ఆదివారం మా క్లాసు కుర్రాడొకడు మమ్మల్ని వాళ్ళ ఊరు భావనపాడు లాక్కెళ్ళాడు. టెక్కలి నుంచి నౌపడ ఉప్పుమళ్ళ మీదుగా వెళ్ళాం. వాడి తాత ఇంజన్ బోటుకి కొత్త లైటు బిగిస్తున్నాడు. 12 వోల్టుల బ్యాటరీ, 60 వాట్ల బల్బు. లైటు వెయ్యగానే బోటులో ఉన్న కంపాసు సూది గభాల్న పక్కకి తిరిగింది. ఆపితే మళ్ళీ ఉత్తరానికొచ్చింది.

తాత మా వైపు చూసి, "ఏట్రా గుంటల్లారా, కాలేజీలో సదువుతున్నారట. ఇదిలగ ఎందుకు తిరుగుతాదో సెప్పండి" అన్నాడు.

అదే ప్రశ్న! కానీ ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయనకి జవాబు నిజంగానే కావాలి. రాత్రిపూట ఒడ్డు కనపడని చోట, జీపీఎస్‌కి ఛార్జింగ్ అయిపోతే ఇంటికి దారి చూపేది ఆ సూదే. లైటు వేసుకుని ఆ తప్పుడు సూదిని నమ్మితే బోటు ఎటు పోతుంది?

వంగి చూశాం. ప్లస్ వైరు కంపాసు కింద నుంచే పోతోంది, మధ్యలో ఐదు సెంటీమీటర్లు కూడా గట్టిగా లేదు. మైనస్ వైరు బోటు అవతలి అంచు వెంట వస్తోంది. పెట్టె సర్దుకున్నవాడే ముందు నోరు విప్పాడు. "తాతా, వైరులో కరెంటు పోతుంటే దాని చుట్టూ అయస్కాంత బలం పుడతాది. చేతికి గాజులు తొడిగినట్టు, వైరు చుట్టూ గుండ్రంగా. భూమి సూదిని ఉత్తరానికి లాగుతాది, ఈ వైరు పక్కకి లాగుతాది. సూది రెండింటికీ మధ్యన నిలబడతాది."

అక్కడే లెక్క కట్టాం. 60ని 12తో భాగిస్తే 5 ఆంపియర్లు. తిన్నటి తీగకి ఐదు సెంటీమీటర్ల దూరంలో క్షేత్రం 20 మైక్రోటెస్లాలు. ఉత్తరానికి లాగే భూమి క్షేత్రం, మనం ల్యాబులో వేసుకునేది, 38. 20ని 38తో భాగించి టాంజెంట్ పట్టిక చూస్తే దాదాపు 28 డిగ్రీలు. బోటు ముక్కు ఉత్తరం వైపే ఉంది, సూది జరిగింది కూడా ఇంచుమించు అంతే! వైరుని అర మీటరు దూరం జరిపితే మూడు డిగ్రీలే వస్తుంది. ఆ మాటే తాతకి చెప్పాం.

తాత కాసేపు ఆలోచించి రెండు వైర్లనీ దగ్గరికి తెచ్చి, తాడు పేనినట్టు పురి పెట్టేశాడు. "ఎనకట మెకానిక్కు సెప్పాడు, కంపాసు కాడ వైర్లు జంటగా మెలెయ్యాలని. ఎందుకో సెప్పలేదు. నాను మర్సిపోనాను" అన్నాడు. లైటు వేశాడు. సూది కదల్లేదు. ఎందుకో మాకు అప్పుడు వెలిగింది. ఒక వైరులో కరెంటు పోతుంది, రెండోదాంట్లో అంతే కరెంటు తిరిగొస్తుంది. రెండింటి క్షేత్రాలూ ఎదురెదురు దిక్కుల్లో ఉండి ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. చెప్పగానే తాత "ఓహో, అందుకా!" అన్నాడు. మా చదువుకి మేం విన్న మొదటి మెచ్చుకోలు అదే.

1820లో డెన్మార్క్‌లో ఆయిర్‌స్టెడ్ కూడా తన విద్యార్థుల ముందే తీగలో కరెంటు పంపి సూది కదలడం చూశాడు. ఆయన కూడా అక్కడికక్కడే కారణం చెప్పలేకపోయాడు. కొన్ని నెలల తర్వాత మళ్ళీ మళ్ళీ చేసి చూసి, జూలైలో ప్రకటించాడు. మేం వైవాలో నిలబడింది రెండు నిమిషాలు.

ట్రంకుపెట్టె మళ్ళీ మంచం కిందకి వెళ్ళింది. సప్లిమెంటరీ వైవా ఇంకా ఉంది, పాసవుతామో లేదో చూడాలి.

మీరూ చేసి చూడండి. ఒక టార్చి సెల్లు, జానెడు వైరు, దిక్సూచి చాలు. వైరుని సూది మీదుగా ఉత్తరం-దక్షిణంగా పట్టుకుని రెండు కొసలూ సెల్లుకి తగిలించి, రెండు మూడు సెకన్లలో తీసెయ్యండి, లేకపోతే వేడెక్కిపోతుంది. గోడ ప్లగ్గు జోలికి మాత్రం పోకండి. ప్రాణం మీదకొస్తుంది. పైగా ఆ కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, సూది తిరగనే తిరగదు.

సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు అమ్మకి సవరలో చెప్పబోయాం. గాజులు, సూది, వైరు అన్నీ చెప్పాం గానీ 'క్షేత్రం' దగ్గర ఆగిపోయాం. దానికి మన భాషలో ఏ మాట సరిపోతుందో మీ ఊళ్ళో పెద్దోళ్ళని అడిగి చెప్పండి.