హమీదుల్లా సారూ, మా కోదాడ రోడ్డూ

లా చదివిన మూడేళ్లూ నేరేడుచర్ల నుంచి కోదాడ వెళ్లి, అక్కడ హైదరాబాద్ బస్సెక్కేదాన్ని. 1948 సెప్టెంబర్ 13 పొద్దున బెజవాడ వైపు నుంచి భారత సైన్యం ఆ కోదాడకే వచ్చింది. అప్పటికి మా నాయనమ్మకి పన్నెండేళ్లు.

ముహమ్మద్ హమీదుల్లా పేరు మా క్లాసులో ఎవరూ ఎత్తలేదు. లైబ్రరీలో ఏదో వెతుకుతుంటే నాకు తగిలింది. 1908లో హైదరాబాద్‌లో పుట్టాడు. ఉస్మానియాలో చదివి, 1933లో బాన్‌లో ఇస్లామిక్ అంతర్జాతీయ న్యాయంలో తటస్థత మీద డాక్టరేట్, 1935లో ప్యారిస్‌లో ఇంకొకటి తీసుకుని, తిరిగొచ్చి ఉస్మానియాలోనే అంతర్జాతీయ న్యాయం చెప్పాడు. 1918లో మొదలైన ఆ యూనివర్సిటీలో అప్పట్లో లా కూడా ఉర్దూలోనే. దేశభాషలో పైచదువులని ఇప్పటికీ మెచ్చుకుంటాం, మెచ్చుకోవాల్సిందే. కానీ తెలుగు తప్ప ఇంకోటి రాని నల్లగొండ రైతుకి ఇంగ్లీషైనా ఉర్దూ అయినా ఒకటే. వకీలు, ముద్దాయి, దస్తావేజు అనే మాటలు మాత్రం మా ఇంటిదాకా వచ్చాయి, భూమి తగాదాలతో పాటు.

1948లో నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేసింది. ఆ ప్రతినిధి బృందంలో హమీదుల్లా ఉన్నాడు. సెప్టెంబర్ 16న ప్యారిస్‌లో భద్రతా మండలి దాన్ని చర్చకు తీసుకుంది. మర్నాడే నిజాం లొంగిపోయాడు.

రాజ్యానికి ఉండాల్సిన నాలుగు లక్షణాలు, 1933 మాంటెవీడియో ఒప్పందం. పది మార్కుల ప్రశ్న, ఎన్నిసార్లు రాశానో! హైదరాబాద్‌ని పెట్టి చూశాను. జనం ఉన్నారు, భూమి ఉంది, సర్కారు ఉంది, సొంత నాణెం, రైలు కూడా ఉన్నాయి. ఇతర రాజ్యాలతో సంబంధాలు మాత్రం అంతకు ముందంతా బ్రిటిష్ వాళ్ల చేతిలోనే. ఈ లెక్క నాకంటే బాగా తెలిసిన మనిషి ప్యారిస్‌లోనే ఉండిపోయాడు. అక్కడే పరిశోధన చేశాడు, 1959లో ఖురాన్‌ని ఫ్రెంచిలోకి తెచ్చాడు. ఫ్రెంచి పౌరసత్వం మాత్రం తీసుకోలేదు, శరణార్థి కాగితాలతోనే బతికాడు. 2002లో అమెరికాలో పోయాడు.

నాకైతే ఆ సంస్థానం పోయిందని బాధ లేదు. ఆయన మీద మాత్రం జాలి పోలేదు. ఈ రెండూ ఒకచోట ఎట్లా పెట్టుకోవాలో తెలియక నాయనమ్మకి చెప్పాను.

"పోయిందని ఏడ్చేటోళ్లు గూడ ఉన్నరా?" అంది ముందు. కాసేపటికి తనే, "మిల్ట్రీ వచ్చిన్నాడు రజాకార్ల పీడ పాయెనని మస్తు సంబురపడ్డం. తర్వాత అదే మిల్ట్రీ సంఘపోళ్ల కోసమని ఇల్లిల్లు దులిపింది" అంది. 1951లో పోరాటం విరమించేదాకా అంతే కదా మరి.

"ఆ సారుది ఏ దేశమని రాసిన్రు కాయితంల?"

"ఏ దేశమూ లేదు నాయనమ్మా. శరణార్థి అని."

వత్తులు చేస్తున్న చెయ్యి ఆపింది.

"మరి నేను పుట్టినప్పుడు నాది ఏ దేశమే?"