వస్తున్నావా, రావడం లేదా?

మీ మెయిల్లో ఇప్పుడు ఎన్ని పిలుపులు జవాబు లేకుండా పడున్నాయి? నిజం చెప్పండి. నేనెవరితోనూ అనను. నాకు మాత్రం ఒకటుండేది, ఆరు రోజులుగా. తెరిచినప్పుడల్లా అది నా వంక చూసేది, నేను కరెంటు బిల్లు వంక చూసేవాణ్ణి.

పంపింది రాజమండ్రిలో ఉన్న నా చిన్ననాటి స్నేహితుడు. "గోదారికి ఎర్రనీళ్ళొచ్చాయి. పులస దిగింది. పై ఆదివారానికి చెప్పి పెట్టాను. రా." అంతే! ఈ రోజుల్లో మెయిలేమిటి, వాట్సాప్ లేదా అంటారేమో. నేనూ ఒకసారి అడిగాను. "వాట్సాప్‌లో అయితే బొటనవేలు చూపించి జారుకుంటావు. మెయిలైతే వాక్యం రాయాలి" అన్నాడు. రిటైరైన లెక్కల మేష్టారు లెండి. స్టెప్పులు లేకపోతే వాడి దగ్గర ఇప్పటికీ మార్కులు పడవు.

పులస సంగతి తెలియని వాళ్ళెవరైనా ఉన్నారా? సముద్రంలో ఉన్నంతకాలం అది ఇలస. వరదల్లో ఏటికెదురీది గోదాట్లోకొచ్చాక పులస. పేరుతో పాటు ధర కూడా మారుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్నది ఎవరో గానీ, మా ఆవిడ ముందు ఆ మాట అనే ధైర్యం నాకు లేదు. ఈ సరదా అంతా ఆ రెండు మూడు నెలలే. అలాంటి పిలుపుకి ఆరు రోజులు జవాబివ్వని వాణ్ణి ఏమనాలి? బద్ధకస్తుడనకండి. బాగా రాద్దామనుకున్నాను. కొంప ముంచేది అదే.

సరిగ్గా ఆ వారమే పక్కింటి అమ్మాయి కాగితాలు పట్టుకుని గోడ దగ్గరికొచ్చింది. ఇంటర్ చదువుతోంది. కేంబ్రిడ్జి వాళ్ళ బి1 ప్రిలిమినరీ ఇంగ్లీషు పరీక్ష రాస్తుందట. అందులో రాత పేపర్లో మొదటి ప్రశ్నేమిటో తెలుసా? స్నేహితుడి దగ్గర్నించి మెయిలొస్తుంది. దాని పక్కన "భలే!", "ఎందుకో చెప్పు" లాంటి చిన్న చిన్న సూచనలు నాలుగుంటాయి. ఆ నాలుగూ వచ్చేలా సుమారు 100 మాటల్లో జవాబు రాయాలి. రెండో భాగంలో వ్యాసమో కథో ఏదో ఒకటి ఎంచుకోవచ్చు. దీనికి మాత్రం తప్పించుకునే దారి లేదు. స్నేహితుడికి జవాబు రాయడానికీ పరీక్ష పెడతారా అని నవ్వబోయి, నా ఆరు రోజులు గుర్తొచ్చి దగ్గాను.

ఆ పిల్ల రాసిన జవాబు చూపించింది. శామ్ అనే కుర్రాడు క్యాంపింగుకి రమ్మన్నాడు. ఈవిడ ఇంగ్లీషుని మన భాషలోకి దింపితే ఇలా ఉంటుంది: "గౌరవనీయులైన శామ్ గారికి, తమరు పంపిన ఆహ్వానము అందినది. నేను క్షేమము. తమరు క్షేమమని తలంచుచున్నాను." చివర్న "తమ విధేయురాలు". పాపం శామ్! గుడారం వేసుకుందాం రమ్మన్నవాడికి తాసీల్దారు హోదా వచ్చేసింది.

ఆ అమ్మాయిని అనడానికేం లేదు. మనందరం ఇంగ్లీషులో మొట్టమొదట రాసింది సెలవు చీటీయే కదా? జ్వరముతో బాధపడుచున్నందున రెండు దినములు సెలవు మంజూరు చేయ ప్రార్థన. బడి వదిలి నలభై ఏళ్ళైనా ఆ జ్వరం మనకి తగ్గలేదు. ఎవరికి ఏం రాసినా మంజూరు చేయమన్నట్టే ఉంటుంది.

తెలుగులో మనం పెద్ద సుఖపడ్డామా అంటే అదీ లేదు. మా తాతయ్య కార్డు రాస్తే పైన శ్రీరామ, కింద ఉభయకుశలోపరి, తర్వాత పేరుపేరునా అడిగినట్టు చెప్పడాలు. సగం కార్డు అక్కడికే చెల్లు. అసలు కబురు చివర్న ఎక్కడో, చోటు చాలక పక్క అంచు వెంబడి చీమల బారులా ఎక్కేది. "తా.క. ఆవు ఈనింది. కోడెదూడ." ఇంటిల్లిపాదీ కార్డుని అడ్డంగా తిప్పి ముందు అదే చదివేవాళ్ళం. తాజాకలం! పేరు చూడండి ఎంత బావుందో. సంతకం పెట్టేశాక, ఒరే ఇది చెప్పలేదే అని మళ్ళీ కలం పట్టుకోవడం. నన్నడిగితే మనిషి తన గొంతుతో మాట్లాడేది అక్కడే. పైదంతా తలపాగా చుట్టుకుని రాసింది.

"ముందు తా.క. రాసుకో. తర్వాత దాన్ని తెచ్చి పైన పెట్టు" అన్నాను ఆ అమ్మాయితో. నా వంక అనుమానంగా చూసింది.

మొదటి వాక్యంలోనే వస్తున్నావో లేదో తేల్చెయ్యాలి. పిలిచినవాడు బియ్యం కొలుచుకోవాలా వద్దా? ఇక్కడే మన తెలుగువాళ్ళం దొరికిపోతాం. "చూద్దాం." "వీలు చూసుకుని." "ట్రై చేస్తా." ఇందులో ఒక్కటైనా అవునో కాదో చెబుతుందా చెప్పండి? చూద్దాం అంటే రానని అర్థం, అది రానివాడికీ తెలుసు, పిలిచినవాడికీ తెలుసు. అయినా మన శుభలేఖల్లో సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేయమనడమే గానీ, జవాబివ్వమని అడిగే అలవాటేదీ? ఫ్రెంచివాళ్ళు ఆర్.ఎస్.వి.పి. అని నాలుగక్షరాలు పెట్టుకున్నారు. దయచేసి జవాబివ్వండని. మనవాళ్ళు కొందరు కార్డుల మీద అదీ అచ్చేయిస్తారనుకోండి. కింద ఫోన్ నంబరు కూడా ఉంటుంది. ఎవరైనా చేశారా ఎప్పుడైనా?

రాలేకపోతే ఒక్క కారణం చెప్పాలి. మీకు కడుపు నొప్పి, మామగారికి మోకాలి నొప్పి, కారుకి బ్రేకు నొప్పి అని మూడూ కలిపి రాశారో, దొరికిపోయారన్నమాటే.

ఇంత యాతనెందుకు, మెయిలు కింద రెడీమేడ్ జవాబులు మూడు కనిపిస్తాయిగా అంది ఆ అమ్మాయి. గూగుల్ వాళ్ళు 2015లో మొదలెట్టారా ముచ్చట. అంతకంటే ముందే మనకి తంతి ఆఫీసులో ఉండేది సుమా! పెళ్ళి శుభాకాంక్షలకి ఒక అంకె, పండక్కి ఒక అంకె. ఆ అంకె రాసిస్తే చాలు, అవతలి ఊళ్ళో వాక్యం మొత్తం దిగేది. 2013 జులైలో టెలిగ్రామ్ కాలం చేసింది, అంకెల ఆత్మ వెళ్ళి మెయిల్లో దూరింది. ఇంకో ముచ్చట. తయారీలో ఉన్నప్పుడు ఆ గూగుల్ యంత్రం ప్రతిదానికీ "ఐ లవ్ యూ" అని సూచించేదట. గూగుల్ వాళ్ళే చెప్పుకున్నారు. లెక్కల మేష్టారు పులసకి రమ్మంటే "ఐ లవ్ యూ" అని నొక్కి ఉంటే? ఆలోచిస్తే అంత తప్పు జవాబేం కాదు.

నేను సొంతంగా రాసినవీ గొప్పగా లేవు లెండి. పోయినేడు ఇంగ్లీషక్షరాల్లో తెలుగు కొడుతూ "పులుసు ఎలా ఉంది" అని అడిగాను. ఫోను ఆ పులుసుని పల్స్ చేసింది. వాడు డాక్టరు దగ్గరికెళ్ళి చూపించుకుని మరీ జవాబు రాశాడు. డెబ్భై రెండట.

ముగింపు దగ్గర ఆ అమ్మాయి తగువు పెట్టుకుంది. విధేయురాలు వద్దంటే ఏం పెట్టాలి? ఇంగ్లీషులో వాళ్ళకి ప్రేమతో, సీయూ లాంటివున్నాయి. మనకో? ఉంది. "ఉంటా మరి." వెళ్ళేటప్పుడు ఉంటాననే జాతి మనం. వెళ్ళిపోతూ వెళ్ళొస్తానంటాం. దాన్ని ఏ ఇంగ్లీషులో పెట్టినా పరీక్షలో మార్కులు పోతాయి. అందుకని శామ్‌కి సీయూతో సరిపెట్టింది.

కాగితం మడుస్తూ అడిగింది. "బాబాయ్‌గారూ, మీకెవరైనా మెయిలిస్తే మీరెన్నాళ్ళకి జవాబిస్తారు?"

"మీ అమ్మ పిలుస్తున్నట్టుందమ్మా" అన్నాను.

ఆ రాత్రే కూచుని రాశాను. మూడు నిమిషాలు పట్టింది. "ఒరే, వస్తున్నా. శనివారం రాత్రి గౌతమి ఎక్కుతా. మా ఆవిడ రాదు, వాళ్ళ చెల్లెలొస్తోంది. పులుసులో బెండకాయలు వేయించు, మట్టిదాకలోనే వండించు. ఉంటా మరి. తా.క. పులస పులుసు మర్నాటికే రుచి కాబట్టి సోమవారం కూడా ఉంటా."

ఐదు నిమిషాల్లో జవాబు. "స్టెప్పులు సరిపోయాయి. ఆలస్యానికి మార్కులు తగ్గించాను. గుడ్లున్న ముక్కలు మా బావమరిదికి చెప్పేశాను, వాడు ఆ రోజే జవాబు రాశాడు. తా.క. వచ్చేటప్పుడు కరాచీ బిస్కెట్లు."