కంటికి ఆనని పోగు

మా పొదటూరుపేటలో నడిరేయి మనిషిని నిద్రలేపేది నిశ్శబ్దం. పగలూ రాత్రీ వీధుల్లో మర మగ్గాలు ఆడుతూనే ఉంటాయి. ఆ టకటకల మధ్యే చంటిపిల్లలు నిద్రపోతారు, పెద్దవాళ్లు మాట్లాడుకుంటారు. కరెంటు పోయిందంటే మగ్గాలన్నీ ఒక్కసారిగా నిలిచిపోతాయి. ఆ మరుక్షణం వీధి వీధంతా మేలుకుంటుంది. తలుపు గడియలు తీసిన చప్పుడు, విసనకర్ర కోసం వెదుకులాట, గోడ అవతలి నుంచి ఎవరో అడిగే మాట: "మీకూ పోయిందా?"

2012 ప్రాంతంలో ఆ మాట రోజుకు ఎన్నిసార్లు వినేవాళ్లమో. చెన్నై దాటితే చాలు, తమిళనాడులో చాలా ఊళ్లకు రోజులో సగం కరెంటు లేని కాలమది. కొరత పొదుపు నేర్పుతుందని పెద్దలంటారు. ఆ రోజుల్లో మా వీధికి అది నేర్పింది ఆత్రం. కరెంటు రాగానే అందరూ ఒకేసారి లేచేవాళ్లు. మోటారు వేసేవాళ్లు, మిక్సీ తిప్పేవాళ్లు, ఇస్త్రీపెట్టె పెట్టేవాళ్లు, మగ్గం ఎక్కేవాళ్లు. మళ్లీ ఎప్పుడు పోతుందో తెలియని దాన్ని ఎవరు దాచుకోగలరు? పొదుపు చెయ్యాలంటే చేతిలో ఉన్నది రేపు కూడా ఉంటుందన్న నమ్మకం కావాలి. ఆ నమ్మకం ఇప్పుడు మాకు చాలావరకు వచ్చింది. పొదుపు మాత్రం సగమే వచ్చింది. ఆ రెండో సగం ఎక్కడ ఆగిపోయిందా అని నేను చాలాకాలంగా ఆలోచిస్తున్నాను.

పొదుపు మా వాళ్లకు తెలియని విద్య కాదు. మా అవ్వ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేటప్పుడు పోగు తెగితే, ఆ తెగిన ముక్కను పారేయడం నేనెన్నడూ చూడలేదు. రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి అతికేది. అతకడానికి పనికిరాని ముక్కలను ఒక డబ్బాలో వేసేది. దిండులోకి, దీపం వత్తిలోకి, ఇంటి ముందు తీగకు కట్టడానికి అవి పనికొచ్చేవి. పడుగులో ఎన్ని పోగులున్నాయో, చీరకు ఎంత నూలు పట్టిందో అడిగితే తడుముకోకుండా చెప్పేది. ఆమెకు అక్షరాలు రావు, లెక్క వచ్చు. ఆ లెక్క ఎలా వచ్చింది? నూలు చేతికి తగులుతుంది, కంటికి కనిపిస్తుంది, తగ్గితే డబ్బా అడుగు బయటపడుతుంది. కరెంటుకు అలాంటి డబ్బా లేదు. గోడలోంచి వస్తుంది, గోడలోకే పోతుంది. కంటికి ఆనని పోగు అది.

అందుకే మన పొదుపంతా కంటికి కనిపించే చోటే తిరుగుతుంది. మా అమ్మ సంగతే చెబుతాను. ఏ గదిలో లైటు వెలుగుతున్నా వంటింట్లోంచే ఆమెకు తెలిసిపోతుంది. "ఎవురూ లేని గదిలో ఆ లైటు ఎవురికి నాయనా?" అన్న కేక వినకుండా మా ఇంట్లో ఏ సాయంత్రమూ గడవదు. ఆ కేకలో ఎంత ప్రేమ ఉందో, ఎన్నేళ్ల జీవితానుభవం ఉందో నాకు తెలుసు. కానీ ఒకరోజు కాగితం మీద లెక్క వేసి చూశాను. ఇప్పుడు మా గదుల్లో ఉన్నవి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు. రోజుకు అయిదు గంటలు వెలిగినా ఒక బల్బుకు రెండు నెలల్లో మూడు యూనిట్లు కాదు. పూజగదిలో రాత్రంతా వెలిగే ఎర్ర బల్బును మేము 'జీరో వాట్' అంటాం. పేరులోనే సున్నా ఉంది కాబట్టి అదసలు కరెంటే తాగదని మా నమ్మకం. నిజానికి అది 15 వాట్ల దాకా లాగుతుంది. పది గంటల చొప్పున రెండు నెలలకు 9 యూనిట్లు. టీవీ ఆపినా కింద చిన్న దీపంతో మేలుకునే ఉండే సెట్‌టాప్ బాక్సు 10 వాట్లే తీసుకుంటుందనుకున్నా, రేయింబవళ్లు కలిపి రెండు నెలలకు 14 యూనిట్లు దాటుతుంది. ఇక పాత ఫ్యాను సుమారు 75 వాట్లు. మా ఎండలకు రోజుకు పదిహేను గంటలు తిరిగితే రెండు నెలలకు 67 యూనిట్లు. అదే గాలి ఇచ్చే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో తిరుగుతుంది, 27 యూనిట్లతో సరిపెడుతుంది. అమ్మ కేకకు అందేది బల్బు ఒక్కటే. తక్కినవన్నీ ఆ కేకకు అందని చోట ఉన్నాయి.

ఇది మా ఇంటి సంగతి మాత్రమే కాదు. 2010లో అమెరికాలో షహజీన్ అత్తారి అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 505 మందిని అడిగారు: కరెంటూ ఇంధనమూ ఆదా చెయ్యాలంటే మీరు చేసే అన్నిటికంటే గట్టి పని ఏమిటని. ఎక్కువమంది చెప్పింది లైట్లు ఆర్పడం లాంటి పనులే. తక్కువ కరెంటుతో నడిచే యంత్రాన్ని ఎంచుకోవాలన్న ఆలోచన కొద్దిమందికే తట్టింది. ఎక్కువ లాగే యంత్రాలను అందరూ చాలా తక్కువగా అంచనా వేశారు. ఇంగ్లీషు పత్రికలు చదివే ఆ దేశం వాళ్లూ, అక్షరం రాని మా వీధి వాళ్లూ ఈ విషయంలో ఒకే పడుగులో పోగులు.

మా వీధి వాళ్లు బాగా ఎరిగిన లెక్క ఒకటుంది. అది ఐనూరు. తమిళనాడులో రెండు నెలలకొకసారి బిల్లు. మొదటి 100 యూనిట్లు 2016 నుంచి ఉచితం. 500 దాటితే మాత్రం కింది మెట్ల చవక రేటు కూడా చేజారుతుంది. 2022 సెప్టెంబరులో వచ్చిన రేట్ల ప్రకారం సరిగ్గా 500 యూనిట్లకు 1,725 రూపాయలు అయ్యేది, 510 యూనిట్లకు 2,030. పది యూనిట్లకు 305 రూపాయలు. అందుకే మీటరు చూసే ఆయన రావడానికి ముందు వారం మా ఇళ్లలో ఒక రకమైన ఉపవాసం మొదలవుతుంది. "ఐనూరు దాటతాదేమో, మోటారు వెయ్యొద్దు" అంటారు. ఆయన వచ్చి వెళ్లిన సాయంత్రమే ఫ్యాన్లన్నీ తిరుగుతాయి. భయం కట్టిన గట్టు అది. ఆ వారం నీళ్లు ఆగుతాయి, తక్కిన ఏడు వారాలు పారిపోతాయి.

మా అత్తది సరిహద్దు అవతల నగరి. అక్కడ నెల నెలా బిల్లు. పోయిన నెల ఏం చేశామో మరచిపోకముందే కాగితం చేతికొస్తుంది. మాకు చిత్తిర నెల చేసిన పనికి వైకాసి చివర జవాబు చెప్పుకోవాలి. వాతావరణ శాఖ రాష్ట్రంలో అధిక ఉష్ణోగ్రతలు చదివే ఎండాకాలపు సాయంత్రాల్లో మా దగ్గరి తిరుత్తణి పేరు తరచుగా వినిపిస్తుంది. అలాంటి ఎండలో రెండు నెలలు గడిచాక, ఏ రాత్రి ఏసీ వల్ల ఎన్ని యూనిట్లయ్యాయో ఎవరికి గుర్తుంటుంది? 2020 నుంచి మన దేశంలో ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా తయారవుతున్నాయి. ఒక్క డిగ్రీ పెంచినా దాదాపు ఆరు శాతం కరెంటు తగ్గుతుందని లెక్క. ఆ డిగ్రీ విలువ మాకు అదే రాత్రి తెలిస్తే పెంచేవాళ్లం. రెండు నెలల తర్వాత తెలిస్తే నిట్టూరుస్తాం.

ఉచితం గురించి కూడా మనసులో మాట చెప్పాలి. మర మగ్గాలకు రెండు నెలలకు 750 యూనిట్లున్న ఉచిత కరెంటును 2023లో 1,000 చేశారు. చేతి మగ్గానికి 200 ఉన్నదాన్ని 300 చేశారు. నేత గిట్టుబాటు కాక మగ్గం అమ్ముకున్న ఇళ్లు చూసినవాణ్ని, ఆ యూనిట్ల మీద నేను ఒక్క మాట కూడా తప్పుగా అనను. ఒక బల్బు, ఒక ఫ్యాను ఉన్న ఇంటి వైపు చూసి పొదుపు చెయ్యమనడం అన్యాయం. వాళ్లు పుట్టినప్పటి నుంచీ చేస్తున్నది పొదుపే. బీఎల్‌డీసీ ఫ్యాను కొనడానికి మామూలు ఫ్యానుకంటే రెట్టింపు డబ్బు కావాలి. అద్దె ఇంట్లో ఉండేవాడికి ఫ్యాను ఇంటాయనది, బిల్లు తనది. ఎవరు మారుస్తారు? 2015లో మొదలైన ఉజాలా పథకం కింద 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు చవకగా ఇళ్లకు చేరాయి, అందుకే ఇవాళ పూజగదుల్లో తప్ప మా వీధిలో పాత బల్బు వెదికినా దొరకదు. చవకగా అందితే మా వాళ్లు మారతారనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఫ్యాన్లకూ అలాంటి పెద్ద ప్రయత్నం జరగాలని నా కోరిక.

నా చిన్నతనంలో మీటరు పక్కన మేకుకు ఒక తెల్ల అట్ట వేలాడేది. మీటరు చూసే ఆయన వచ్చినప్పుడల్లా అందులో అంకె వేసి సంతకం పెట్టేవాడు. ఇంటికొచ్చిన మామ నీళ్లు తాగుతూ దాన్ని తిరగేసేవాడు. "ఏమక్కా, పోయినసారికంటే నలబై ఎక్కువుందే?" అని అడిగేవాడు. అమ్మ కారణం చెప్పుకునేది: చెల్లెలి కాన్పు, చుట్టాలు, ఆడికృత్తిక. ఆ అట్ట ఇంటి గుట్టు కాదు, ఇంటి లెక్క. ఇప్పుడు బిల్లు ఫోనుకు సందేశంగా వస్తుంది. ఇంట్లో ఒక్కరే చూస్తారు, డబ్బు కడతారు, చెరిపేస్తారు. 2007లో అచ్చయిన ఒక పరిశోధన కోసం కాలిఫోర్నియాలోని శాన్ మార్కోస్ అనే ఊళ్లో ఇళ్ల తలుపులకు చీటీలు తగిలించి, మీ వీధిలో సగటు వాడకం ఇంత, మీది ఇంత అని తెలియజేశారు. ఎక్కువ వాడేవాళ్లు తగ్గించారు. తక్కువ వాడేవాళ్లు మాత్రం కాస్త పెంచారు. వాళ్ల చీటీ మీద మెచ్చుకోలుగా ఒక నవ్వుముఖం గీస్తే ఆ పెరుగుదల ఆగింది. ఆ సంగతి చదివినప్పుడు నాకు మా తెల్ల అట్టా, మామ ప్రశ్నా గుర్తొచ్చాయి. తక్కువ వాడిన ఇల్లాలిని ఎవరైనా ఒకసారి మెచ్చుకున్నారా అని కూడా అనిపించింది.

బిల్లు తగ్గడం ఒక్కటే అయితే నేను ఇంత చెప్పను. ఆ కరెంటు ఎక్కడ పుడుతుందో కూడా చూడాలి. పళ్లిపట్టు మీదుగా పారే మా కుశస్థలి నది జిల్లా అంతా దాటి, పూండి చెరువు నింపి, ఎన్నూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే చోటే, మా తిరువళ్లూరు జిల్లాలోనే, అత్తిపట్టు దగ్గర ఉత్తర చెన్నై థర్మల్ కేంద్రం ఉంది. ఒడిశా గనుల బొగ్గు పారాదీపు దాకా వచ్చి, అక్కడ ఓడెక్కి, 2001లో మొదలైన ఎన్నూరు రేవులో దిగుతుంది. ఒక యూనిట్ కరెంటుకు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. కాలినదాంట్లో మిగిలిన బూడిద గొట్టాలు కారి, మా నది చివరి మైళ్లలో మేటవేసింది. కాటుకుప్పం లాంటి ఊళ్ల జాలరులు రొయ్యా చేపా దూరమైపోయాయని ఏళ్ల తరబడి మొరపెట్టుకున్నారు. ఆ గోడు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. నీళ్లు మా వైపు నుంచి వాళ్ల దగ్గరికి పోతాయి. కరెంటు వాళ్ల వైపు నుంచి మా దగ్గరికి వస్తుంది. ఒకే నదికి తలా తోకా మేము. మా గోడలోంచి వచ్చే ఉచిత యూనిట్‌కు ఖరీదు ఎవరూ కట్టడం లేదని ఇంక ఎలా అనుకోను?

అందుకని మూడు నెలలుగా మా ఇంట్లో ఒక చిన్న అలవాటు పెట్టాను. మీటరు కింద గోడకు కేలండరు తగిలించి, ఆదివారం ఆదివారం అంకె రాస్తున్నాను. పోయిన వారానికీ దీనికీ తేడా పక్కన రాసి, ఎర్ర సిరాతో చుడుతున్నాను. మొదటి వారం 61. సెట్‌టాప్ బాక్సు స్విచ్చి గోడ దగ్గరే ఆపడం నేర్చుకున్నాం. పూజగదిలో ఎర్ర బల్బు పోయి అర వాటు ఎల్‌ఈడీ వచ్చింది. హాల్లో ఫ్యాను మార్చాం, తక్కిన రెండూ డబ్బు కుదిరినప్పుడు. ఇప్పుడు మామ వచ్చినా ఆ కేలండరు ముందు నిలబడతాడు. ఎదురింటి వదిన చూసి వాళ్లింట్లోనూ ఒకటి తగిలించింది. ఆమెది మాకంటే తక్కువ. ఆ మాట ఆమెతో అన్నప్పుడు ఆమె ముఖం వెలిగిపోయింది.

అమ్మకు అంకెలు చదవడం రాదు. ప్రతి ఆదివారం నన్నే అడుగుతుంది. పోయిన ఆదివారం 48 అని చెప్పాను.

"అంటే ఎంత బొగ్గు?"

"ముప్పై మూడు, ముప్పై నాలుగు కిలోలమ్మా."

అమ్మ కాసేపు మాట్లాడలేదు. రెండు వేళ్లు కలిపి, అవ్వ పోగు అతికినట్టే, పమిట అంచు నలుపుతూ నిలబడింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"ఆ బూడిదంతా మీద పోసుకున్న ఊరోళ్లు ఎట్లుండారు నాయనా?"

కరెంటు గురించి మా ఇంట్లో ఎవరూ ఆ ప్రశ్న అంతకుముందు అడగలేదు. నేను పక్కన కూర్చుని, పళ్లిపట్టు నుంచి ఎన్నూరు దాకా నది పోయే దారి మొత్తం ఆమెకు చెప్పడం మొదలుపెట్టాను.